పోత పెల్లెట్: అచ్చు దిద్దితే అందేదీ అందనిదీ

ఎయిర్ రైఫిల్‌తో గురి సాధన చేసేవాళ్ళలో చేతిపని తెలిసినవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వచ్చి తీరుతుంది. సీసం దొరుకుతుంది, అచ్చు కొనుక్కోవచ్చు, పెల్లెట్లు మనమే పోసుకుంటే సరిపోదా అని. అచ్చు చేతికొచ్చాక రెండో ఆలోచన మొదలవుతుంది. దీన్ని కాస్త అరగదీసి, కాస్త తొలిచి, నా బ్యారెల్‌కి అచ్చంగా అతికే గుండు రాబట్టలేనా? అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఈ ప్రశ్న మీద ఎంతోమంది లేత్‌ల ముందు గంటలు గడిపారు. ఆ పనితనాన్నీ దాని వెనకున్న లెక్కనీ కలిపి చూస్తే నాకు తేలిన అభిప్రాయం ముందే చెబుతాను. అచ్చు దిద్దడం విలువైన పనే, కాని చాలామంది దాన్ని విలువలేని చోట వాడుతున్నారు. 4.5, 5.5 మి.మీ. బోరుల్లో సన్న నడుము పెల్లెట్‌ని పోతపోసి ఫ్యాక్టరీ సరుకుతో పోటీపడటం దాదాపు కానిపని. నడుము లేకుండా మామూలు తుపాకి గుండులా ఘనంగా ఉండే స్లగ్గుల్లో, పెద్ద బోరు గాలి రైఫిళ్ళలో మాత్రం అదే శ్రమకు పూర్తి ఫలితం ఉంది.

గాలి తుపాకికీ పోత అచ్చుకీ బంధం పాతది. 1780 నుంచి కొన్ని దశాబ్దాలపాటు ఆస్ట్రియా సైన్యం వాడిన జిరాండోనీ గాలి రైఫిల్ సుమారు 11.7 మి.మీ. సీసపు గుండ్లను పేల్చేది. సైనికుడికి తుపాకితోపాటు అదనపు గాలి కుండలు, చేతిపంపు, సీసం పోసే గరిటె కూడా ఇచ్చేవారు. గుండ్లు బ్యారెల్ పక్కనే ఉన్న గొట్టంలోంచి ఒకదాని తర్వాత ఒకటి జారాలి. ఒక్క గుండు కొంచెం లావైనా వరస మొత్తం ఆగిపోతుంది. అచ్చు కచ్చితత్వం మీద అంతగా ఆధారపడిన తుపాకులు ఆ రోజుల్లో అరుదు. 1804లో అమెరికా పశ్చిమాన్ని చూడబోయిన లూయిస్, క్లార్క్ బృందం కూడా ఒక గాలి రైఫిల్‌ను వెంట తీసుకెళ్ళింది. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో చేతికర్రలా కనిపించే గాలి తుపాకులు అమ్మేవారు. వాటి పెట్టెలో పంపు పక్కనే అచ్చు ఉండేది. అన్నీ లావు బోరులే, గుండ్రటి గుండో పొట్టి స్లగ్గో వాటికి చాలు. ఇంట్లో పోసుకోవడం అప్పట్లో మామూలు విషయం.

ఆ బంధం తెగింది 20వ శతాబ్దం మొదట్లో. బర్మింగ్‌హామ్‌లో లింకన్ జెఫ్రీస్ రూపకల్పనతో బీఎస్‌ఏ కంపెనీ 1905 నుంచి స్ప్రింగు గాలి రైఫిళ్ళు తయారు చేసింది. చిన్న బోరు, తక్కువ ఒత్తిడి, గాడులున్న బ్యారెల్. వాటితోపాటు డయాబొలో పెల్లెట్ జనంలోకి వచ్చింది. ముందు తల, మధ్యలో సన్న నడుము, వెనక బోలుగా విచ్చుకున్న పల్చటి అంచు. ఆ అంచుని స్కర్ట్ అంటారు. పెల్లెట్ల అచ్చు అన్న మాట వినగానే నేను ముందు చూసేది ఈ స్కర్ట్ మందాన్నే, ఎందుకంటే మొత్తం ప్రశ్న అక్కడే తేలిపోతుంది.

డయాబొలో రెండు పనులు చేస్తుంది. వెనక నుంచి గాలి తోసినప్పుడు పల్చటి స్కర్ట్ విచ్చుకుని బ్యారెల్ గోడకు అంటుకుంటుంది, గాలి పక్కనుంచి జారిపోదు. రెండోది, బరువు తల వైపు ఉండి వెనక భాగం తేలికగా, వెడల్పుగా ఉండటంవల్ల గాల్లో ఎదురొచ్చే ఒత్తిడే దాన్ని తిన్నగా నిలబెడుతుంది. బ్యారెల్ గాడులు ఇచ్చే తిరుగుడు దానికి తోడవుతుంది. తక్కువ శక్తి తుపాకిలో అంత చిన్న సీసపు ముక్క తిన్నగా వెళ్ళడానికి ఇంతకన్నా తెలివైన ఆకారం ఇంకా రాలేదు.

ఆ ఆకారాన్ని ఫ్యాక్టరీలు పోతపొయ్యవు. 1825 నుంచి నడుస్తున్న జర్మనీలోని హెన్‌డ్లర్ అండ్ నాటర్‌మన్ గాని, చెక్ దేశంలోని జేఎస్‌బీ గాని, సీసపు తీగను ముక్కలు కోసి, చల్లగా ఉండగానే డైల మధ్య నొక్కి పెల్లెట్ చేస్తాయి. నొక్కితే లోహంలో గాలి బుడగ మిగలదు. స్కర్ట్‌ని ఎంత పల్చగా కావాలంటే అంత పల్చగా తీయవచ్చు. దాదాపు శుద్ధమైన మెత్తటి సీసం వాడవచ్చు. 10 మీటర్ల పోటీల్లో వాడే పెల్లెట్ బరువు అర గ్రాము పైచిలుకు. తల వ్యాసాన్ని డబ్బా మీద 4.49, 4.50 అంటూ మిల్లీమీటరులో నూరో వంతు దాకా అచ్చువేసి అమ్ముతారు.

కరిగిన సీసం ఈ పనికి లొంగదు. అది నీళ్ళలా పాకదు. దాని తలతన్యత ఎక్కువ కాబట్టి సన్న సందుల్లోకి పోకుండా ముద్దగా ఒదిగిపోవాలని చూస్తుంది. స్కర్ట్ లాంటి పల్చటి గోడని నింపాలంటే అచ్చూ సీసమూ బాగా వేడెక్కాలి. నిండకముందే ఆ గోడ గడ్డకడుతుంది కూడా. అందుకే పోత పెల్లెట్ అచ్చులు చేసేవాళ్ళు స్కర్ట్‌ని మందంగా ఉంచుతారు. మందమైన స్కర్ట్ తక్కువ ఒత్తిడికి విచ్చుకోదు, పైగా వెనక బరువు పెరిగి పెల్లెట్ తన సహజమైన నిలకడని కోల్పోతుంది. మామూలు స్ప్రింగు తుపాకిలో పెడితే వేగం పడిపోతుంది. అచ్చులో నడుముని ఎంత సన్నగా చేసినా, వెనక బోలు తీసే పిన్నుని ఎంత లావుగా చేసినా ఈ చిక్కు తీరదు, ఎందుకంటే ఇది సీసం స్వభావంలో ఉన్న అడ్డంకి. డయాబొలో కావాలనుకుంటే పోత వదిలేసి నొక్కే డైలకి పోవడమే దారి. అమెరికాలోని ఒరెగాన్‌లో కార్బిన్ సంస్థ ఇంటి బల్లకి బిగించుకునే ప్రెస్సులు, డైలు చాలాకాలంగా చేస్తోంది. వాటి ఖరీదుకి డబ్బాలకొద్దీ మంచి పెల్లెట్లు వస్తాయన్నది వేరే సంగతి.

డబ్బు ఆదా అన్న వాదన కూడా గట్టిగా నిలబడదు. కిలో సీసంతో 15 గ్రెయిన్ల పెల్లెట్లు సుమారు వెయ్యి వస్తాయి. వినడానికి బాగుంది. ఒక పోతకి రెండు పెల్లెట్లు పడే అచ్చుతో ఆ వెయ్యికి 500 సార్లు పోయాలి, ప్రతిసారీ అచ్చు మూసి, పోసి, గడ్డకట్టాక తెరిచి, వాటిలో బాగా నిండనివి ఏరి మళ్ళీ కరిగించాలి. ఆ పనిలో ఆనందం ఉన్నవాళ్ళే చేయాలి, పైసలకోసం కాదు.

ఇక అచ్చు సంగతికి వద్దాం. అచ్చు అంటే ఒకదానికొకటి అతికే రెండు లోహపు దిమ్మెలు. మధ్యలో సగం సగం గూడు, పైన సీసం పోసే రంధ్రమున్న పలక. ఆ పలకే పక్కకి తిరుగుతూ మిగులు సీసాన్ని కోసేస్తుంది. అల్యూమినియం, ఇత్తడి, ఇనుము ఈ మూడింటితో అచ్చులు చేస్తారు. దిద్దేవాళ్ళు కోరుకునేవి ముఖ్యంగా మూడు: లావు మార్చడం, బరువు తగ్గించడం, వెనకో ముందో బోలు చేయడం.

లావు గురించి చాలామంది తప్పు చోట కొలుస్తారు. వెర్నియర్ తీసుకుని చల్లటి గూడుని కొలిచి బ్యారెల్‌తో పోల్చి అచ్చు చిన్నదనో పెద్దదనో తీర్మానిస్తారు. 5.5 మి.మీ. అల్యూమినియం గూడు 200 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 0.02 మి.మీ. పెరుగుతుంది. ఇనుమైతే అందులో సగం. గడ్డకట్టిన సీసం 327 డిగ్రీల నుంచి గది వేడికి దిగేసరికి దాదాపు 0.05 మి.మీ. కుంచించుకుపోతుంది. ఇది శుద్ధ సీసం లెక్క. ఆంటిమొనీ, తగరం కలిపితే కుదింపు తగ్గి గుండు కొంచెం లావుగా పడుతుంది. అంటే అచ్చు ముట్టుకోకుండా మిశ్రమం మార్చినా లావు మారుతుంది. అందుకని కొలవాల్సింది గూడుని కాదు, ఎంచుకున్న సీసంతో పోసి పూర్తిగా చల్లారిన గుండుని. బ్యారెల్‌లోకి మెత్తటి సీసపు ముక్కని నెమ్మదిగా తోసి బయటికి తీస్తే గాడుల మధ్య అసలు కొలత తెలుస్తుంది. ఈ రెండు కొలతలు చేతిలో లేకుండా ఆకురాయి పట్టుకోకూడదు.

గుండు లావుగా ఉంటే అచ్చు జోలికి పోనక్కర్లేదు. గట్టి ఉక్కులో కావలసిన కొలతకి రీమర్‌తో తీసి నునుపు చేసిన రంధ్రంలోంచి గుండుని తోసేస్తే చాలు, సైజింగ్ డై అంటారు దీన్ని. స్లగ్గులకైతే ఇది అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి. సన్నగా పడుతుంటేనే గూడు పెంచాలి. పోసిన గుండులో సన్న మర బిగించి, దానికి సానపొడి పేస్టు పూసి, అచ్చులో మూసి వేళ్ళతో తిప్పుతారు. మోటారు మెకానిక్కులు వాల్వులు కూర్చోబెట్టడానికి వాడే పేస్టులో సన్నరకం పనికొస్తుంది. నూరో వంతు మిల్లీమీటరు పెరగడానికి ఓపిక కావాలి, ప్రతి కొద్ది తిప్పులకి కడిగి, పోసి, కొలవాలి. తీసేసిన లోహం తిరిగి రాదు. డ్రిల్లుకి తగిలించి తిప్పేవాళ్ళు గూడుని కోడిగుడ్డు చేసుకుంటారు. తాత్కాలికంగా లావు పెంచడానికి దిమ్మెల మధ్య పల్చటి అల్యూమినియం టేపు అంటించే పద్ధతి ఒకటుంది. దానివల్ల ఒక దిక్కులోనే లావు పెరుగుతుంది. పెంచితే గుండు కుదురుతుందా లేదా అని పరీక్షించడానికి అది చాలు, శాశ్వతంగా వాడటానికి కాదు.

బరువు తగ్గించడానికి అచ్చు పై ముఖాన్ని మిల్లింగ్‌లో కోస్తారు. 5.5 మి.మీ. గూట్లో ఒక మి.మీ. కోస్తే గుండు బరువు 0.27 గ్రాములు తగ్గుతుంది, అంటే నాలుగు గ్రెయిన్ల పైనే. 4.5 మి.మీ. గూట్లో అదే కోత 0.18 గ్రాములు. మామూలు స్లగ్గు అచ్చుల్లో సీసం వెనక వైపు నుంచి పోస్తారు కాబట్టి కోత వెనకభాగాన్నే తగ్గిస్తుంది, ముక్కు అలాగే ఉంటుంది. తెలివైన కోత ఇదే. దిమ్మెలు రెండూ బిగించి ఒకేసారి కోయాలి, ముఖం చదునుగా ఉండాలి, పలక దానిమీద సందు లేకుండా కూర్చోవాలి. సందుంటే గుండు వెనక సన్నటి రెక్క మిగులుతుంది. బ్యారెల్ చివర గాలి ఆఖరిసారి తోసేది వెనక అంచునే. ఒకవైపు రెక్క ఉంటే గాలి ఆ క్షణంలో వంకరగా తప్పించుకుంటుంది, గుండు మొదటి మీటరులోనే ఊగిసలాడుతుంది. ముక్కుమీద గీత పడినా అంత నష్టం లేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే అచ్చులో ఏ చోట ఎంత శ్రద్ధ పెట్టాలో అర్థమవుతుంది.

బోలు చేయడం అన్నిటికన్నా కష్టమైనది. వెనక బోలుంటే బరువు కేంద్రం ముందుకి జరుగుతుంది, ముక్కులో బోలుంటే వెనక్కి. ఇంట్లో మార్చేవాళ్ళలో ఎక్కువమంది ముక్కులో బోలే చేస్తారు, అది తేలిక కాబట్టి. అచ్చు అడుగునుంచి రెండు దిమ్మెలు కలిసే గీతమీద రంధ్రం తొలిచి పిన్ను దూర్చితే అయిపోతుంది. వెనక బోలు కావాలంటే అచ్చుని తలకిందులు చేసి, ముక్కువైపు నుంచి పోసేలా మార్చి, పిన్నుని రెండో చివర నుంచి తేవాలి. కొత్త పలక కూడా చేయాలి. ఎక్కడ తొలిచినా పిన్ను గూటికి నడిమధ్యన ఉండాలి. పిన్ను పదో వంతు మిల్లీమీటరు పక్కకి జరిగితే ఒకవైపు గోడ మందమై, గుండు గాల్లో స్క్రూలా తిరుగుతూ పోతుంది. నాలుగు దవడల చక్‌లో దిమ్మెలని బిగించి, డయల్ గేజితో గూటి నడిమిని పట్టుకుని తొలిచేవాళ్ళ పని నిలుస్తుంది, చేతి డ్రిల్లుతో అంచనాగా తొలిచినవాళ్ళ అచ్చు పాడవుతుంది. పిన్ను చివరికి కొంచెం సన్నబడుతూ ఉండాలి, లేకపోతే గుండు దాన్ని వదలదు. ఇత్తడి పిన్ను వేడిని త్వరగా అందుకుంటుంది. చల్లటి పిన్ను చుట్టూ సీసం ముడతలు పడుతుంది. కావాలంటే మార్చుకునే పిన్నులతో వచ్చే అచ్చులు అమెరికాలో ఎన్‌ఓఈ లాంటి సంస్థలు చేస్తున్నాయి. మంచి లేత్ అందుబాటులో లేనివాళ్ళకి అలాంటివి కొనుక్కోవడమే లాభమని నా ఉద్దేశం.

చిన్న మార్పుల్లో ఎక్కువ ఫలితమిచ్చేవి రెండున్నాయి. గూడు మూలలు సరిగ్గా నిండకపోతే దిమ్మెల ముఖాల మీద సూదిమొనతో సన్న గీతలు గీయాలి. గాలి వాటిలోంచి పోతుంది, సీసం మాత్రం దూరదు. ఇంతకుముందు మనకి అడ్డుపడ్డ తలతన్యతే ఇక్కడ మనకి సాయం చేస్తుంది. రెండోది, గూళ్ళు రెండున్నప్పుడు వాటిలో ఒకదాని ముక్కు దగ్గర చిన్న చుక్క గుర్తు పెట్టుకోవాలి. ఏ రెండు గూళ్ళూ నిజంగా ఒకటిగా ఉండవు. గుర్తుంటే ఏ గూటి గుండ్లని ఆ గూటివిగా వేరుచేసి పేల్చి చూడవచ్చు. గురి బాగోలేదని తుపాకిని నిందించే ఎన్నో సందర్భాల్లో తప్పు రెండు గూళ్ళ గుండ్లని కలిపి వాడటంలో ఉంటుంది.

ఎంత పొడుగు గుండు వరకు పోసుకోవచ్చన్నదానికి పాత లెక్క ఒకటుంది. ఇంగ్లండ్‌లో ఊలిచ్‌లో ఫిరంగి దళాల అధికారులకి గణితం చెప్పిన జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రమది. బోరు వ్యాసాన్ని అంగుళాల్లో వర్గం చేసి 150తో గుణించి, గాడి ఒక చుట్టు తిరగడానికి పట్టే అంగుళాలతో భాగిస్తే, నిలకడగా పోయే సీసపు గుండు పొడవు సుమారుగా వస్తుంది. గాలి రైఫిళ్ళలో గాడి తరచుగా 16 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది. 4.5 మి.మీ. బోరుకి లెక్కేస్తే దాదాపు 7.5 మి.మీ. వస్తుంది. అంతకన్నా పొడుగు స్లగ్గు పోసినవాళ్ళు కాగితం మీద గుండ్రటి రంధ్రానికి బదులు అడ్డంగా పడ్డ రంధ్రాలు చూస్తారు. అచ్చు కొనేముందు వేసుకోవాల్సిన లెక్క ఇది, కోసిన తర్వాత కాదు.

మన దేశంలో ఈ వ్యాపకం ఇంకా ఇరుకు. 2016 ఆయుధ నియమాల ప్రకారం శక్తి 20 జౌళ్ళకు, బోరు 0.177 అంగుళాలకు మించని గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. అవి దాటితే కావాలి. అంటే మామూలు మనిషి చేతిలో ఉండేది 4.5 మి.మీ. బోరు, పోతకి అన్నిటికన్నా మొండికేసేది అదే. 20 జౌళ్ళ శక్తితో 0.55 గ్రాముల పెల్లెట్ సెకనుకి 270 మీటర్ల వేగం అందుకుంటుంది. ఒక గ్రాము స్లగ్గు అదే శక్తితో 200 దగ్గర ఆగుతుంది, స్ప్రింగు తుపాకిలోనైతే ఇంకా తగ్గుతుంది. బరువైన స్లగ్గు దూరాన గాలికి తక్కువ కొట్టుకుపోతుందన్న లాభం మన శక్తి హద్దులో అంతగా కనిపించదు. 10 మీటర్ల రేంజిలో సాధన చేసేవాళ్ళకైతే పోత ఆలోచన పూర్తిగా వదులుకోమనే చెబుతాను. అక్కడ పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. హైదరాబాద్‌లో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ లాంటి క్రీడాకారుల స్థాయిలో, కొన్న పెల్లెట్లలోనే బ్యారెల్‌కి ఏది నప్పుతుందో పరీక్షించి ఎంచుకుంటారు. ఇంటి అచ్చుకి అక్కడ చోటు లేదు. బోరు, శక్తి హద్దులు తప్పించుకోవడానికో, పిట్టల్ని కొట్టడానికో అచ్చు దిద్దేవాళ్ళతో నాకు మాట లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పిట్టల వేట నిషిద్ధం. అలాంటి వేటను ఆపడానికి అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో మొదలైన గాలి తుపాకుల అప్పగింత ఉద్యమంలో వేటగాళ్ళే తమ తుపాకుల్ని తెచ్చి ఇచ్చారు.

పోతకి నిజమైన చోటు పెద్ద బోరు గాలి రైఫిళ్ళు. అమెరికాలో ఫెడరల్ చట్టం గాలి తుపాకుల్ని ఫైర్ ఆర్మ్స్ కింద లెక్కించదు. అందుకే అక్కడ 0.357, 0.457, 0.50 అంగుళాల గాలి రైఫిళ్ళు వచ్చాయి. వాటికి మామూలు తుపాకి గుండ్ల అచ్చులు లావు విషయంలో అలాగే సరిపోతాయి. లీ లాంటి కంపెనీల అల్యూమినియం అచ్చులు తక్కువ ధరకే దొరుకుతాయి. కాని ఆ అచ్చులు మందుగుండు ఒత్తిడికి చేసినవి, గాలి అంత తోయలేదు కాబట్టి గుండు తేలికగా, మెత్తగా ఉండాలి. ఇక్కడే మిల్లింగ్ కోత, వెనక బోలు, శుద్ధ సీసం మూడూ నిజమైన అవసరాలవుతాయి. గోడలు మందంగా ఉన్నా నష్టం లేదు. నూరో వంతు తేడా వచ్చినా గుండు లావులో అది చిన్న భాగమే. ఫ్యాక్టరీ గుండ్లు ఖరీదు కాబట్టి ఆదా కూడా నిజమే అవుతుంది. అచ్చు దిద్దడం నేర్చుకోవాలనుకునేవాడు, చట్టం ఒప్పుకునే దేశంలో ఉంటే, అక్కడ మొదలుపెట్టాలి.

సీసం గురించి చెప్పకుండా ఈ సమీక్ష ముగించలేను. మన ఊళ్ళలో తేలికగా దొరికేది పాత బ్యాటరీల సీసం, దాన్ని మాత్రం ఇంట్లో ముట్టుకోకూడదు. పలకల్లో ఆమ్లం ఉంటుంది, ఆర్సెనిక్, ఆంటిమొనీ నుంచి ప్రాణాంతకమైన వాయువులు పుడతాయి. పాత ముద్రణ ప్రెస్సుల అక్షరాల లోహం గట్టి మిశ్రమం, గాలి ఒత్తిడికి ఏమాత్రం విచ్చుకోదు. వలలకి కట్టే గుండ్ల సీసంలో ఏమి కలిసిందో పోసినవాళ్ళకే తెలియాలి. గోరుతో గీస్తే గీత పడేంత మెత్తటిదే గాలి తుపాకికి పనికొస్తుంది. పోత పొయ్యేటప్పుడు నీటి చుక్క పడితే అది ఆవిరై కరిగిన సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. తడి ముక్కని ఎప్పుడూ కుండలో వేయకూడదు, కళ్ళకి అద్దాలు, చేతులకి తోలు తొడుగులు ఉండాలి. అయితే నెమ్మదిగా చంపేది పైన తేలే తెట్టు, దాని పొడి. అది వేళ్ళకి అంటి, బట్టల్లో దాగి, పిల్లల నోటిదాకా వెళుతుంది. సీసానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడుకి చేసే హాని తిరిగి సరికాదు, పెద్దల ఎముకల్లో అది ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. వంటింట్లో, వంట పాత్రల్లో సీసం కరిగించడాన్ని ఏ నైపుణ్యమూ సమర్థించదు. ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి పోత పోయాలి, పని బట్టలు వేరుగా ఉతకాలి, చేతులు సబ్బుతో కడిగాకే ఏదైనా తినాలి. తెట్టుని మూతపెట్టిన డబ్బాలో దాచి, అనుమతి ఉన్న సీసం పునశ్శుద్ధి కేంద్రానికే ఇవ్వాలి. ఇంట్లో చిన్నపిల్లలో గర్భిణులో ఉంటే అచ్చుని బీరువాలోనే ఉంచి, పెల్లెట్ల డబ్బా కొనుక్కోవాలి.